మబ్బుల దొరకు వీపు తిప్పిన ఆట

ఆ ఆటకు అర్థమేమిటని అడగడానికి ఈమధ్య ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. టేప్ రికార్డర్ కూడా తెచ్చుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే అర్థం ఆయనే చెప్పేశాడు. అది వానదేవుణ్ణి వేడుకునే నృత్యమట. ఆడేవాళ్లలోకి అమ్మవారు ప్రవేశించి ఊరి తరఫున మొర పెట్టుకుంటుందట. నేను కాదన్నాను. ఆయన నవ్వి, ఆడినవాళ్లకు అర్థం తెలియకపోవడం మామూలేనమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చిన మనిషి కాబట్టి మజ్జిగ ఇచ్చి పంపించాను గానీ ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఆట మా జేజి చెప్పిన కథలోది. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. కథ సంగతి చెప్పాలంటే ముందు శెనక్కాయల సంగతి చెప్పాలి. ఊరికే కూచుని కథలు చెప్పుకునే తీరిక మా వీధిలో ఎవరికీ ఉండేది కాదు.

మాది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట ఊరు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే వలస. ఊళ్లో అందరికన్నా పెద్ద సేద్యం చేసే ఆయనకు నీళ్లున్న బావి, దాని కింద చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేవి. చీనీ తోట ఇంకెవరికీ లేదు గనుక ఆయన్ని తోటాయన అనేవాళ్లం. విత్తే కాలం దగ్గర పడితే ఆయన ఇంటి పంచలో శెనక్కాయలు కుప్ప పోసేవారు. మా వీధి ఆడవాళ్లు, పిల్లలు చుట్టూ కూచుని చేత్తో ఒలిచేవాళ్లు. పొద్దు తిరిగేసరికి బొటనవేలి గోరు కింద నెత్తురు కమ్మేది.

ఒలిచేవాళ్లు విత్తనాలు నోట్లో వేసుకుంటారేమోనని తోటాయనకు మహా బెంగ. ఎదురుగా మంచం వేసుకుని కూచునేవాడు. కానీ అన్ని నోళ్లకు ఒక్క మనిషి కాపలా ఎక్కడ కాయగలడు? అందుకని కథ చెప్పే మనిషిని కూడా కూలికి పిలిచేవాడు. కథ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టే నోటికి నమలడం కుదరదు. ఎవరి ఊ వినబడకపోతే వాళ్ల బుగ్గలో పప్పు ఉన్నట్టే. ఇంత తెలివి పెట్టుబడిగా పెట్టి ఆయన మా జేజిని కూచోబెట్టాడు. జేజి ఆయన్ని మించిన మనిషి. ఎవరు నములుతున్నారో ఆమెకు ఇట్టే తెలిసేది. సరిగ్గా అప్పుడే గొంతు పెంచి, ఏ రాక్షసుణ్ణో గర్జింపజేసి, ఆ నములుడు చప్పుడు కప్పేసేది. నా చిన్నతనంలో నేను తిన్న విత్తనాలకు లెక్కలేనంత మంది రాక్షసులు గొంతు చించుకున్నారు.

ఆమె కథల్లో మబ్బుల దొర కథ పెద్దది. కొండ మీద ఒక దొర ఉంటాడు. లోకంలోని మబ్బులన్నిటినీ గొర్రెల మందలాగా తోలుకొచ్చి రాతి దొడ్డిలో పెట్టి, తలుపు బిగించి, ఎదురుగా సింహాసనం వేసుకుని కూచున్నాడు. కింద భూమి ఎండిపోయింది. దొరకు ఆటంటే పిచ్చి. బాగా ఆడినవాళ్లకు తలుపు తీస్తానని చాటింపు వేయించాడు. దేశదేశాల నాట్యగత్తెలు కొండెక్కారు. బంగారు గజ్జెలవాళ్లు, నెమలి నడకలవాళ్లు, నీళ్ల మీద అడుగేసి ఆడేవాళ్లు. అందరూ దొర ముందు ఆడారు. అందరి ఆటా దొరకు నచ్చింది. నచ్చింది కాబట్టి ఇంకోసారి ఆడమన్నాడు. ఇంకోసారి ఆడారు, ఇంకా నచ్చింది. అట్లా ఆడుతూనే వాళ్ల జుట్లు నెరిశాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

చివరికి గొర్రెలు కాసే పిల్ల ఒకతె కొండెక్కుతుంది. కాళ్లకు గజ్జెలు లేవు, చెప్పులు కూడా లేవు. దొర ఆడమన్నాడు. ఆ పిల్ల దొరకు వీపు తిప్పింది. దొడ్డి వైపు మొహం పెట్టి, మబ్బులకు ఎదురుగా నిలబడి, మందను కదిలించే కాపరి ఎట్లా నేలను తంతాడో అట్లా తన్నుతూ ఆడింది. మొదట ఒక మబ్బు చెవులు రిక్కించింది. పక్కదాన్ని పొడిచింది. అది ఇంకోదాన్ని పొడిచింది. మంద మొత్తం కదిలి గోడకు తగిలింది. తలుపు ఎవరూ తీయలేదు. గోడే పోయింది.

ఇక్కడికి వచ్చేసరికి జేజి ఒళ్లోని కాయలు కింద పోసి లేచేది. కొంగు నడుముకు దోపి, ఒలిచి పడేసిన పొట్టు కుప్పలోకి దిగి ఆడేది. ఎండు పొట్టు ఆమె పాదాల కింద చిటపటమనేది, తొలకరి చినుకులు రేకుల కప్పు మీద పడినట్టు. మేమందరం చేతిలోని కాయ మరిచిపోయేవాళ్లం. ఆట మా వైపు తిరిగి ఆడేది. ఆమె వీపు తోటాయన మంచం వైపు ఉండేది. ఆయన కూడా తల ఊపుతూ బాగుంది బాగుంది అనేవాడు. ఆయనకు ఏమి బాగున్నట్టో ఆ దేవుడికే తెలియాలి.

ఒకసారి నేను జేజిని అడిగాను, దొరకు ఎదురుగా ఆడి, బాగా మొక్కుకుని ఉంటే ఆ పిల్లకైనా తలుపు తీసి ఉండేవాడు కదా అని.

"దొరకు ఆడితే దొర మురుస్తాడు మే," అంది జేజి. "మురిసినోడు తలుపు తీయడు. ఇంగోసారి ఆడమంటాడు. ఎవురు లోపల చిక్కుకోనుండారో వాళ్లకు ఆడల్ల."

ఆ అర్థం నాకు అప్పుడు సగమే ఎక్కింది. మిగతా సగం అరవైల్లో వచ్చిన కరువులో ఎక్కింది. అప్పటికి నేను బడిలో పై తరగతికి వచ్చాను. వరసగా వానలు లేక మా వీధి బావిలో బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. నాయన కూలి వెతుక్కుంటూ కణేకల్ వైపు కాలువ కింది ఊళ్లకు పోయాడు. మా అమ్మ నీళ్లకు వంక దాకా నడిచేది. వంకలో ఇసుక తవ్వి చెలమ చేసి, ఊరే నీటిని టెంకాయ చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. సగం పొద్దు కూచుంటే సగం బిందె. ఆ వేసవిలో అమ్మకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు కాన్పు ఆ వంక దారిలోనే పోయింది, నెత్తిన బిందెతో ఉండగానే. ఈ బిడ్డ కూడా అట్లాగే పోతుందని నాకు రోజూ భయం. అమ్మ ఆ దారిన కనబడి ఇంటి గడప తొక్కేదాకా నాకు బళ్లో పాఠం తలకెక్కేది కాదు.

తోటాయన బావిలో నీళ్లున్నాయి. ఆయిల్ ఇంజన్ పెట్టి చీనీ చెట్లకు పారించేవాడు. బావికి మెట్లున్నాయి. ఆ మెట్లకు అడ్డంగా తుమ్మ కంప వేయించి, తోట ఎండితే ఊరికే చెడ్డ పేరని చెప్పాడు.

ఊరివాళ్లు వేడుకోవడానికి మిగిల్చినదేమీ లేదు. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పారు. బండ మీద వరదపాశం పోశారు. అంటే పాయసాన్ని ఉత్త బండ మీద ఒలకబోసి, చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి నాలుకతో నాకడం. మన దీనస్థితి చూసి వానదేవుడు కరగాలని. నేనూ నాకాను. మిట్ట మధ్యాహ్నపు బండ, నాలుక పొక్కింది. దేవుడు కరగలేదు సరిగదా, నాకు మాత్రం ఇక ఎవరి ముందూ వంగేది లేదని ఆ రోజే అనిపించింది.

ఆ తర్వాత కరువు చూడటానికి ఒక ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. అంతకు ముందు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి, కోలాటం చూసి, చప్పట్లు కొట్టి పోయారు. ఈసారి కొత్తగా ఏదైనా చేయాలని మా ఐవారు పట్టుబట్టాడు. బడి పంతులును మేము ఐవారు అనేవాళ్లం. మంచివాడే, కానీ పెద్దల ముందు నడుం నిలవదు. మా జేజి కథను ఆట కట్టిస్తానని, గొర్రెల పిల్ల వేషం నాదేనని చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. తీరా నేర్పించేసరికి కథ తలకిందులైంది. పిల్ల దొర ముందు ఆడుతుందట. చివర మోకాళ్ల మీద కూచుని దండం పెడుతుందట. దొర కరుణించి మబ్బులను విడిచిపెడతాడట. దొర వేషం ఎవరికీ లేదు. ఆఫీసరు గారి కుర్చీయే సింహాసనం.

ఇంటికొచ్చి జేజికి చెప్పాను. ఆమె పొయ్యి ఊదుతోంది. తల ఎత్తకుండానే, "అట్లయితే మబ్బులు ఇంగా దొడ్లోనే ఉండాయి," అంది.

ఆఫీసరు వచ్చిన రోజు బడి ముందు పందిరి వేశారు. కుర్చీలో ఆఫీసరు, పక్కన తోటాయన, వెనక నిలబడి ఐవారు. బల్ల మీద గాజు గ్లాసులో చీనీ రసం. ఆ రసం ఏ నీళ్లతో పండిందో అక్కడ తెలియనివాడు ఆఫీసరు ఒక్కడే. ఆడవాళ్లు మైదానం అవతలి అంచున నిలబడ్డారు. వంక నుంచి వచ్చే దారి అదే. చంకల్లో బిందెలు, కొన్నిట్లో అడుగున నీళ్లు, కొన్నిట్లో ఏమీ లేవు. మా అమ్మ ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని నిలబడింది. జేజి ఆమె పక్కనే ఉంది.

ఐవారి మాట కాదనలేక ఆయన నేర్పినట్టే ఆడాను. కుర్చీ ముందు అడుగులేశాను, మోకాళ్ల మీద కూచున్నాను, దండం పెట్టాను. ఆఫీసరు ముచ్చటపడ్డాడు. గ్లాసు కింద పెట్టి తోటాయన వైపు వంగి, పిల్ల బాగా ఆడుతోందండీ, ఇంకోసారి ఆడించండి అన్నాడు.

ఇంకోసారి. ఆ మాట చెవిన పడగానే నాకు కాళ్ల నుంచి తల దాకా కోపం పాకింది. కథలో దొర మాట, పొల్లుపోకుండా అదే మాట! ఐవారు కానిమ్మని చెయ్యి ఊపాడు. నేను లేచాను. కుర్చీకి వీపు తిప్పాను. మైదానం దాటి ఆడవాళ్ల ముందుకు పోయి, వాళ్ల మొహాల్లోకి చూస్తూ, మా జేజి పొట్టులో ఆడినట్టు నేలను తన్నుతూ ఆడాను. ఎర్ర దుమ్ము లేచింది. జడ ఊడిపోయింది. కదలండి అని నా కాళ్లు అరుస్తున్నాయి. ఎందుకు నిలబడ్డారు, నీళ్లు అక్కడున్నాయి, కదలండి. భక్తి లేదు, వేడుకోలు లేదు, ఉత్త కోపం.

అప్పుడు జరిగిన పొరపాటు మా సీమలో తప్ప ఇంకెక్కడా జరగదు. జుట్టు విరబోసుకున్న ఆడపిల్ల ఊగిపోతూ నేల తంతుంటే మావాళ్లకు తెలిసింది ఒకటే. ముందు వరసలో ఉన్న ఒక అవ్వ చేతులు జోడించి, అమ్మవారు పూనింది అంది. ఆ మాట చాలు. బిందెలు కిందికి దిగాయి, చేతులు పైకి లేచాయి. ఆ అవ్వ తన బిందె ఎత్తి, అందులో ఉన్న నీళ్లన్నీ నా పాదాల మీద పోసింది.

సగం పొద్దు చెలమ దగ్గర చిప్పతో తోడిన నీళ్లు. నేల ఒక్క గుక్కలో తాగేసింది. నాకు ఏడుపొచ్చింది.

తోటాయన పరుగున వచ్చాడు. భుజం మీది టవలు తీసి నడుముకు కట్టుకున్నాడు. మా ఊళ్లో ఎవరి ముందూ టవలు దించని మనిషి, అప్పటిదాకా నా మొహం కూడా సరిగ్గా ఎరగనివాడు, నా ముందు తల వంచాడు.

"ఏం కావాల తల్లీ? నోరు తెరిచి చెప్పు. ఏమడిగినా ఇస్తా," అన్నాడు.

ఒక్క మాట చాలు. కళ్లు తేలేసి, గొంతు మార్చి, బావి అంటే చాలు. ఆ తర్వాత చాలామంది నన్ను ఇదే అడిగారు, ఆ ఒక్క మాట అనడానికి నీకేం రోగమని. చెబుతాను. అంతకు ముందు ఏడాది జాతరలో ఒకామెకు నిజంగానో అబద్ధంగానో పూనకం వచ్చి పొట్టేలు అడిగింది. ఇదే తోటాయన తెచ్చి ఇచ్చాడు. పొట్టేలు తెగింది, అమ్మవారు శాంతించింది, తెల్లారి మేము మళ్లీ వంకకే పోయాము. అమ్మవారు అడిగినవన్నీ అమ్మవారి ఖాతాకే పోతాయి. రేపు ఈయన మెట్లకు పసుపు పూసి, ఒక బిందె నాకు నైవేద్యం పెట్టి, మళ్లీ కంప వేయించడని ఏమి నమ్మకం? పైగా దొరకు వీపు తిప్పింది గొర్రెలు కాసే పిల్ల. జేజి ఎన్నిసార్లు కథ చెప్పినా ఆ పిల్లను ఒక్కసారి కూడా దేవత అనలేదు. ఆ కోపం నాది. దాన్ని ఎవరికీ దానం చేయదలుచుకోలేదు, అమ్మవారికి కూడా.

"అమ్మవారు కాదు," అన్నాను. "నేను. నీళ్లు నేనే అడుగుతాండా."

తోటాయన కాసేపు నా కళ్లలోకి చూశాడు. అమ్మవారు అక్కడ లేదని రూఢి చేసుకుని, నడుం నుంచి టవలు విప్పి భుజం మీద వేసుకున్నాడు. పిల్లకు ఎండ దెబ్బ తగిలినట్టుంది, ఇంటికి పంపండి అని ఐవారికి చెప్పి వెనక్కి తిరిగాడు. జోడించిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నా పాదాల మీద నీళ్లు పోసిన అవ్వ ఖాళీ బిందెలోకి చూసుకుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను. అంతా పాడు చేశానని, అమ్మ రేపు కూడా ఆ దారినే నడవాలని, కడుపులో బిడ్డ ఏమవుతుందోనని భయం పట్టుకుంది.

అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చింది. నలుగురిలో మా అమ్మ గొంతెత్తి మాట్లాడగా నేను అంతవరకు ఎన్నడూ వినలేదు.

"ఏమన్నా, నిలబడు," అంది తోటాయనతో. "అమ్మవారు అడిగితే ఇస్తా అంటివి. నా బిడ్డ అడిగితే ఎందుకియ్యవు? అమ్మవారికేం దప్పిక? దప్పికైతాండేది మాకు."

ఆఫీసరు కుర్చీలోంచి లేచి చూస్తున్నాడు. మా జేజి ఊ అంది. బతుకంతా తాను కథ చెప్పి ఇంకొకరి చేత ఊ కొట్టించిన మనిషి, ఆ రోజు కోడలి మాటకు ఊ కొట్టింది. పక్కనున్న ఆమె ఊ అంది. ఆ పక్కనామె కూడా అంది. నీళ్లు పారబోసిన అవ్వ కూడా ఊ అని బిందె చంకనెత్తుకుంది. మా అమ్మ జవాబు కోసం ఆగలేదు. తోట దారి పట్టింది. వెనక మంద కదిలినట్టు అందరూ కదిలారు.

మెట్ల మీది తుమ్మ కంపను జేజి ఒట్టి చేతులతో లాగింది. ఇంజన్ దగ్గర కాపలా మనిషి అడ్డం రాలేదు. వాడి పెళ్లాం కూడా బిందెతో వచ్చినవాళ్లలో ఉంది. అమ్మ మొదటి బిందె ముంచి, మెట్ల మీదే కూచుని దోసిలితో తాగింది. తర్వాత నా కాళ్లు చూసి, దుమ్ము కడుక్కోమని కసిరింది. నేను కడుక్కోలేదు. అప్పటికే ఒక బిందె నా కాళ్లకు ఖర్చయింది.

ఆ రాత్రి మళ్లీ కంప వేశారు. పొద్దున్నే మళ్లీ లాగేశాము. కొన్నాళ్లు అట్లా నడిచి, కంప వేసేవాళ్లకే విసుగొచ్చింది. శెనక్కాయలు ఒలవడానికి మమ్మల్ని ఆ ఇంటికి మళ్లీ పిలవలేదు. ఐవారు నన్ను మళ్లీ ఏ ఆటలోనూ పెట్టలేదు. ఆఫీసరు ఏమి రాసుకుని పోయాడో మాకు తెలియదు. మా ఆటకు వాన పడిందని ఈరోజు చెప్పేవాళ్లున్నారే, వాళ్లవి పచ్చి అబద్ధాలు. ఆ ఏడు చినుకు రాలలేదు. కానీ మా తమ్ముడు పుట్టాడు, బతికాడు. మా అమ్మ వంక దారి మళ్లీ తొక్కలేదు.

ఇంత జరిగినా ఊరు తనకు కావలసిన కథనే దాచుకుంది. నేను కాదని నోటితో చెప్పిన మాట ఎవరికీ గుర్తు లేదు. పెళ్లయి ఊరు వదిలిన తర్వాత ఒకసారి పోయి చూస్తే, నేను ఆడిన చోట ఒక రాయి పాతి పసుపు రాశారు. దానికి ఆటమ్మ అని పేరు. వాన రాకపోతే ఆడపిల్లల చేత దాని ముందు ఆట ఆడిస్తారు. రాయికి ఎదురుగా, చివర మోకాళ్ల మీద కూచుని, దండం పెట్టి! టేప్ రికార్డర్ ఆయన చూసి వచ్చిన నృత్యం అదే. ఆయన తప్పేమీ లేదు, చూసిందే చెప్పాడు.

నేను మాత్రం ఊరికి పోయినప్పుడల్లా కొంగులో శెనక్కాయలు మూటగట్టుకుని పోయి, ఆ రాయి మీద కూచుంటాను. మొదటిసారి పూజారి పరిగెత్తుకుంటూ వచ్చాడు. అపచారం, లేవమ్మా అన్నాడు.

"ఆ పొద్దు పూనింది నామీదే అంటిరి. నా రాయి మీద నేను కూచుంటే నీకేమప్పా?" అన్నాను.

ఆ రోజు ఆట నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లను నా వైపు రమ్మని, రాయికి వీపు పెట్టి కూచోమన్నాను. తలా ఒక గుప్పెడు కాయలిచ్చి, మబ్బుల దొర కథ మొదటి నుంచి చెప్పాను. ఎవరినీ ఊ కొట్టమనలేదు. కడుపునిండా తింటూ వినమన్నాను.